చందుర్తి చేలల్లో చెదిరిన వరుసలు

చందుర్తి గొల్లప్రోలు దగ్గరి ఊరు. 1758 డిసెంబరులో ఆ ఊరి పొలాల్లో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లిషు కర్నల్ ఫోర్డ్ తలపడ్డారు. ఫోర్డ్‌ను బెంగాల్ నుంచి పంపింది క్లైవ్. ఇంగ్లిషువాళ్లను పిలిపించింది విజయనగరం ఆనందరాజు.

ఫోర్డ్ తన తెల్ల సైనికులను నడుమ నిలిపి, సిపాయిలను ఇరువైపులా ఉంచాడు. ఏపుగా పెరిగిన పైరు తెల్ల పటాలాన్ని కప్పేసింది. బెంగాల్ సిపాయిలవీ ఎర్ర కోట్లే కావడంతో ఫ్రెంచివాళ్లు వాళ్లనే తెల్ల పటాలమనుకుని మీదపడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచేశామన్న ఊపులో ఫ్రెంచివాళ్లు వరుస తప్పి తరిమారు. అప్పుడు పైరు చాటు నుంచి ఫోర్డ్ పటాలం బయటపడి తుపాకులు పేల్చింది. క్షణం క్రితం తరిమినవాళ్లు తమ ఫిరంగుల దాకా వెనక్కి పరుగెత్తారు. వాళ్లకు అక్కడా నిలవబుద్ధి కాలేదు.

ఇలాంటి పరుగుల గుట్టు విప్పడానికి జీవితాన్ని వెచ్చించినవాడు ఫ్రెంచి అధికారి ఆర్డాన్ ద్యు పిక్. పురాతన రోమన్ యుద్ధాల దగ్గర్నుంచి పరిశీలించి ఆయన తేల్చిందేమిటంటే, రెండు సేనలు నిజంగా ఢీకొనడం అరుదు. కత్తి తగలకముందే ఒక పక్షం గుండె జారుతుంది. ఎక్కువమంది చచ్చేది వెన్ను చూపాకే. పక్కవాడు నిలుస్తాడన్న నమ్మకం ఉన్నంతసేపే మనిషి నిలుస్తాడు. 1870 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో ఆయనే నేలకొరిగాడు.

బొబ్బిలి కథ ఇందుకు విరుద్ధంగా కనబడుతుంది గానీ కాదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు బలగాలు బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. లోపలివాళ్లకు పారిపోయే దారి లేదు. ఆడవాళ్లను, పిల్లలను తామే చంపుకున్నాక బతకాల్సిన కారణమూ మిగల్లేదు. పక్కన ఉన్నది అన్నదమ్ములు, మేనబావలు. అందుకే ఒక్కరూ లొంగలేదు. ఆ తెగువకు చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే దాన్ని కొలబద్దగా పట్టుకుని చందుర్తి సిపాయిలను పిరికివాళ్లనడం మాత్రం అన్యాయం. తమకంటే బలమైన ఫ్రెంచి పటాలం దెబ్బంతా వాళ్ల మీదే పడింది. పక్కన నిలిచిన తమ పక్షం పటాలం వాళ్లకే కనబడలేదేమో.

నాలుగు నెలలకే, 1759 ఏప్రిల్‌లో, ఫోర్డ్ సేన రాత్రివేళ మచిలీపట్నం కోట మీదికి ఎక్కింది. ఆ దాడిలో సిపాయి దళాలు కూడా ఉన్నాయి. ఈసారి పరుగెత్తలేదు. తెల్లారేసరికి కోట ఫోర్డ్ వశమైంది.