పసుప్పచ్చ కాగితం, విరిగిన ఫోర్కు

2004లో నేను పనిచేసే చోట సగం మంది చేతులకి పసుప్పచ్చ రబ్బరు గాజులుండేవి. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ డి ఫ్రాన్స్‌ని వరసగా ఆరోసారి గెలిచిన సంవత్సరం అది. (డోపింగు బయటపడి 2012లో ఆయన ఏడు గెలుపుల్నీ కొట్టేశారు. అది వేరే కథ.) పసుపే ఎందుకని పక్క సీటాయన్ని అడిగితే, పందెంలో ముందున్నవాడు వేసుకునే చొక్కా రంగు అన్నాడు. ఆ చొక్కాకి ఆ రంగెలా వచ్చిందో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. వెతుక్కుంటూ పోతే, చాలామంది చెప్పే జవాబు ఇది: అది ఒక దినపత్రిక అచ్చయ్యే కాగితం రంగు. ఆ పత్రిక పుట్టడానికి కారణమేమో సైకిళ్ళు కాదు, ఒక రాజద్రోహం కేసు.

1894లో ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని గూఢచారి అని ఫ్రాన్సు సైనిక న్యాయస్థానం శిక్షించింది. ఆయన నిర్దోషి అని తేలడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈలోగా దేశం రెండుగా చీలింది. భోజనాల దగ్గర ఆ పేరెత్తితే అన్నదమ్ములు విడిపోయేంత చీలిక. అప్పట్లో ఆటల వార్తలకి పెద్ద పత్రిక ‘లె వెలో’. దాన్ని ఆకుపచ్చ కాగితం మీద వేసేవారు. సంపాదకుడు పియెర్ జిఫార్ డ్రైఫస్ పక్షం. ఆ పత్రికకి ప్రకటనలిచ్చే కార్ల యజమాని కౌంట్ ద దియోన్ అవతలి పక్షం. 1899లో గుర్రప్పందేల మైదానంలో దేశాధ్యక్షుడి మీద జరిగిన గలాటాలో ద దియోన్ కొన్నాళ్ళు జైలుకి కూడా వెళ్ళాడు. జిఫార్ ఆయన్ని పత్రికలో దులిపేశాడు. కోపం వచ్చిన ద దియోన్, టైర్ల మిషెలాన్‌తో సహా మరికొందరు వ్యాపారులని కూడగట్టి 1900లో పోటీ పత్రిక పెట్టించాడు. కాగితం వేరుగా కనపడాలి గనక పసుపు ఎంచుకున్నారు. ‘వెలో’ అనే మాట వాడకూడదని కోర్టు చెప్పడంతో 1903లో దాని పేరు ‘లోతో’ అయింది. అంటే ‘ఆటో’.

దానికి సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్. 1893లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టిన మనిషి. తను తొక్కగలిగాడు గనక అందరూ తొక్కగలరని నమ్మే రకం. అలాంటి మేనేజర్లని మనలో చాలామంది చూసే ఉంటారు. పత్రిక అమ్ముడుపోవడం లేదు. 1902 నవంబరులో, విలేకరి జియో లెఫెవ్ర్, ఏం చెప్పాలో తోచక కాబోలు, ఫ్రాన్సు చుట్టూ సైకిలు పందెం పెడదామన్నాడు. డబ్బుల పెట్టె తాళాలున్న విక్తోర్ గొద్దే సరేనన్నాడు.

పందెం లెక్క తెలియనివాళ్ళకి ఒక మాట. దారిని అంచెలుగా విడగొడతారు. ఒక్కో అంచెకి ఎవరికి ఎంతసేపు పట్టిందో రాసుకుంటూ పోతారు. చివరికి మొత్తం కాలం ఎవరికి తక్కువైతే వాళ్ళు విజేత. అంచెలు చాలా ఉంటాయి గనక, పందెం ఎటు తిరుగుతోందో తెలియాలంటే జనం రోజూ పత్రిక కొనాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. 1903 జులైలో అరవై మంది బయల్దేరారు. ఆరు అంచెలు, 2,428 కిలోమీటర్లు. మొదటి అంచే 467 కిలోమీటర్లు, రాత్రంతా తొక్కాలి. ఇరవయ్యొక్క మంది పూర్తిచేశారు. చిన్నప్పుడు పొగగొట్టాలు శుభ్రం చేసి బతికిన మోరిస్ గారాన్ దాదాపు మూడు గంటల తేడాతో గెలిచాడు. పత్రిక అమ్మకం పాతిక వేల నుంచి అరవై అయిదు వేలకి పెరిగింది. మర్నాడే ‘లె వెలో’ మూతపడింది అంటే కథ బాగుండేది గాని, దానికి 1904 దాకా పట్టింది.

దెగ్రాంజ్‌కి ఒక సంగతి త్వరగానే బోధపడింది: పందెం ఎంత కష్టమైతే పత్రికలో రాయడానికి అంత సరుకు. 1910లో పిరనీస్ పర్వతాల మీదికి పంపాడు. ఆ ఏటి విజేత ఒక్తావ్ లపీజ్ పందెం అధికారుల్ని చూసి, మీరు హంతకులు అని అరిచాడు. దానికి తోడు నియమాలు. సైకిలు చెడితే ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, తొక్కేవాడే బాగుచేసుకోవాలి. ఆ సైకిళ్ళకి, మన ఊళ్ళలో బియ్యం బస్తాలు మోసిన హెర్క్యులిస్ సైకిళ్ళకి లాగే, తొక్కుతూ మార్చుకునే గేర్లు లేవు. వెనక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్ళచక్రాలుండేవి. కొండ రాగానే దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాలి. గేర్లు మార్చే ఏర్పాటు బజారులోకి వచ్చాక కూడా ఈ పందెంలోకి రావడానికి 1937 దాకా పట్టింది.

ఇక యూజీన్ క్రిస్తోఫ్. పందేలకి రాకముందు తాళాలు చేసే పని నేర్చినవాడు. 1912లో రెండో స్థానం. 1913లో బయోన్ నుంచి లూషోన్ దాకా 326 కిలోమీటర్ల అంచె వచ్చింది. అప్పటిదాకా ముందున్నవాడు ఆ రోజు వెనకబడిపోవడంతో, తూర్మలే కనుమ ఎక్కేసరికి మొత్తం లెక్కలో క్రిస్తోఫే ముందున్నట్టు. దిగేటప్పుడు ముందు ఫోర్కు విరిగింది. ఏళ్ళ తరబడి గతుకులు తిన్న ఉక్కు ఏ క్షణాన తెగుతుందో ముందుగా చెప్పదు. ఇంజనీరింగులో దీన్ని లోహపు అలసట అని చదువుకున్నాం. మనిషి అలసటకి పాఠం లేదనుకోండి.

సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్ల పైచిలుకు నడిచాడు. తను దాటొచ్చిన వాళ్ళందరూ ఒక్కొక్కరే దాటిపోయారు. సెంత్ మారీ ద కంపాన్ అనే ఊళ్ళో ఒక కమ్మరి కొలిమి దొరికింది. కమ్మరి చెయ్యి వెయ్యడానికి వీల్లేదు, పందెం అధికారులు కాపలా ఉన్నారు. క్రిస్తోఫ్ తనే ఇనుము కాల్చి, సాగగొట్టి, అతికాడు. రెండు చేతులూ సుత్తికీ పట్టకారుకీ సరిపోవడంతో కొలిమితిత్తి ఊదడానికి ఒక చిన్న కుర్రాడి సాయం తీసుకున్నాడు. కాపలావాళ్ళలో ఒకాయన ఆకలేస్తోంది, తినొస్తానంటే, బొగ్గు తిను, నేను మీ ఖైదీని, మీరు కడదాకా ఉండాల్సిందే అన్నాడని చెబుతారు. దాదాపు నాలుగు గంటలు పోయాయి. అన్నీ అయ్యాక కుర్రాడు తిత్తి ఊదినందుకు పది నిమిషాల జరిమానా! తర్వాత దాన్ని మూడుకి తగ్గించారు. అంచె పూర్తిచేశాడు, పారిస్ చేరి ఏడోవాడయ్యాడు. ఆ ఏడు గెలిచిన ఫిలిప్ తీస్ తొక్కింది కూడా క్రిస్తోఫ్ తొక్కిన పెజో కంపెనీ సైకిలే. కంపెనీకి పోయిందేమీ లేదు.

మూడు నిమిషాల దగ్గర నా మనసు చాలాసేపు ఆగింది. నాలుగు గంటలు పోగొట్టుకున్నవాడికి మూడు నిమిషాలొక లెక్క కాదు. దెగ్రాంజ్‌కి ఆ సంగతి తెలియక కాదు. వేసింది క్రిస్తోఫ్‌కి కాదు, చదివేవాళ్ళకి చూపించడానికి అని నా అనుమానం.

యుద్ధం వచ్చింది. లపీజ్‌తో సహా ముగ్గురు పాత విజేతలు అందులో పోయారు. 1919లో పందెం మళ్ళీ మొదలైంది. అరవై ఏడు మంది బయల్దేరితే పూర్తిచేసినవాళ్ళు కొద్దిమందే. రంగుల కొరత వల్ల చొక్కాలన్నీ బూడిదరంగులో ఉండి, ఎవరు ముందున్నారో జనానికి తెలియడం లేదు. జులై 19న గ్రెనోబుల్‌లో ముందున్నవాడికి పసుప్పచ్చ చొక్కా ఇచ్చారు. మొట్టమొదటిసారి అది తొడుక్కున్నది క్రిస్తోఫే. దారిలో జనం కెనరీ పిట్ట అని వేళాకోళం చేశారు. ఇంకొక్క అంచె తర్వాత పారిస్ అనగా, మెట్జ్ నుంచి డంకర్క్ వెళ్ళే 468 కిలోమీటర్ల దారిలో, వలాన్సియెన్ దగ్గర మళ్ళీ ఫోర్కు విరిగింది. మళ్ళీ తనే బాగుచేసుకున్నాడు. బెల్జియం వాడు ఫిర్మాన్ లాంబో గెలిచాడు. క్రిస్తోఫ్ మూడోవాడు. ‘లోతో’ చందాల పట్టీ తెరిస్తే, విజేతకి వచ్చిన బహుమతి కంటే ఎక్కువ సొమ్మే పోగైంది. ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ పత్రిక అచ్చువేసింది.

ఎదురు తిరిగినవాళ్ళూ లేకపోలేదు. 1923 విజేత ఆంరీ పెలిసియే, మరుసటేడు చలికి రెండు చొక్కాలు తొడుక్కుంటే అధికారి వచ్చి చొక్కా ఎత్తి చూశాడు. ఒంటిమీద ఎన్నింటితో బయల్దేరితే అన్నింటితోనే చేరాలి, దార్లో ఒకటి విప్పి పారేయకూడదు. తమ్ముడితోనూ ఇంకో స్నేహితుడితోనూ కలిసి కూతాన్స్‌లో పందెం మానేసి కాఫీ హోటల్లో కూర్చున్నాడు. అక్కడికి వచ్చిన విలేకరి ఆల్బేర్ లోంద్ర్ ముందు సంచి విప్పి, కళ్ళకి కొకెయిను, చిగుళ్ళకి క్లోరోఫారం, ఇంకా మాత్రలు చూపించారు. లోంద్ర్ అంతకు ముందు సంవత్సరమే కయెన్ ద్వీపాంతర జైళ్ళ గురించి రాసి సంచలనం తెచ్చినవాడు. క్రిస్తోఫ్ కమ్మరి కొలిమిలో అన్న ఖైదీ అనే మాట ఈసారి ఇంకో దినపత్రిక పాఠకులందరికీ చేరింది.

దెగ్రాంజ్ 1940లో పోయాడు. జర్మన్ ఆక్రమణలో కూడా అచ్చవుతూ వచ్చిన ‘లోతో’ని 1944లో మూయించారు. విక్తోర్ గొద్దే కొడుకు జాక్ గొద్దే 1946లో ‘లెకిప్’ అనే పత్రికతో మళ్ళీ మొదలుపెట్టాడు, తెల్ల కాగితం మీద. క్రిస్తోఫ్‌కి 1922లో గాలిబియే కొండ దగ్గర మూడోసారి ఫోర్కు విరిగింది. టూర్ ఎప్పుడూ గెలవలేదు. 1970 దాకా బతికాడు. సెంత్ మారీ ద కంపాన్‌లో ఆ కొలిమి ఉన్న చోట గోడకి ఆయన పేరుతో ఒక ఫలకం ఉంది.