యుద్ధము, విప్లవము, పితూరి: నైజాము చరిత్రలో శబ్దనిర్ణయము

ఒకే దినమునకు మూడు పేరులు గలవు. 1948 సెప్టెంబరు 17వ తేదీని కేంద్రప్రభుత్వము 2022లో హైదరాబాదు విమోచన దినమని జరిపెను. ఆ యేడే రాష్ట్రప్రభుత్వము దానిని జాతీయ సమైక్యతా దినమనెను. 2024లో వేఱొక రాష్ట్రప్రభుత్వము ప్రజాపాలన దినమనెను. ఆనాటి ఢిల్లీ పాలకులు పెట్టిన పేరు ఇవియేవియు కావు, పోలీసు చర్య. మా సిరికొండ వైపు వృద్ధులు ఆ కాలమును ‘రజాకార్ల జమానా’ యని చెప్పుట వినియున్నాను.

బడులలో ప్రపంచయుద్ధములను, విప్లవములను పట్టికగట్టి వల్లెవేయించుట మన కలవాటు. 1688 ఇంగ్లండు, 1776 అమెరికా, 1789 ఫ్రాన్సు, 1917 రష్యా అని బాలురు చదివెదరు. ఏ సంఘటనమును ఏ గడిలో వ్రాయవలయునను నిర్ణయము మాత్రము పట్టికకు ముందే ఎవరో చేసియుందురు. ఆ నిర్ణయమునే ఇచ్చట విచారింప దలచితిని. వైయాకరణునకు చరిత్రతో పనియేమి యందురేమో. శబ్దార్థ మెఱుగక తీర్పు చెప్పువారి సాహసముకంటె నాది పెద్దది కాదు.

యుద్ధశబ్దమున సందేహము లేదు. సంప్రహారార్థకమైన యుధ ధాతువునకు భావమున క్తప్రత్యయము రాగా నది సిద్ధించినది. ఇరువురు పరస్పరము కొట్టుకొనుట దాని యర్థము. విప్లవశబ్దము అంత సుకరము కాదు. గత్యర్థకమగు ప్లు ధాతువునకు అప్ ప్రత్యయము చేరి ప్లవమైనది. తెప్పయు ప్లవమే, అఱువది సంవత్సరములలో నొకటియు ప్లవయే. ‘వి’ యను ఉపసర్గముచే నది గట్లు తెంచుకొను వెల్లువ యగును. అమరసింహుడు దీనిని డింబ డమరములతో జేర్చి చెప్పినాడు. అనగా అల్లకల్లోలము, అరాజకము. ఇందు మెచ్చుకోలు లేశమును లేదు. అట్టి మాటను 1970 జూలై 4న హైదరాబాదులో కొందఱు రచయితలు తమ సంఘమునకు గౌరవనామముగా బెట్టుకొని విప్లవ రచయితల సంఘమైరి. నిఘంటువునకు ఇంతకంటె పెద్ద తిరుగుబాటు వేఱొకటి లేదు.

ఆ తిరుగుబాటను తెలుగుమాటను గూడ పరికింపుడు. తిరుగుట యనగా చక్రమువలె భ్రమించుట, వెనుకకు మరలుట యని రెండర్థములు. లాటినునందు విప్లవార్థకపదమునకు మూలమైన ధాతువునకును ఇవే యర్థములు. 1543లో కోపర్నికసు గ్రహగతులను గూర్చి వ్రాసిన గ్రంథపు పేరులో నున్నది ఆ పదమే. ఇంగ్లండువారు 1688లో ఒక రాజును వెడలగొట్టి దానికి ఈ పేరు పెట్టినప్పుడు, పూర్వపు హక్కులు మరలి వచ్చినవనియే వారి తలపు. అరబ్బీ ఇంకిలాబు శబ్దపు ధాతువు సయితము తలక్రిందు చేయుటయే. క్రాంతిశబ్దమును జ్యోతిషమునుండియే మనకు చిరపరిచితము. ఇన్ని భాషలు తిరుగుడును జూడగా, విప్లవ మొక్కటియే వెల్లువను జూచినది.

ఇక చరిత్రలోనికి బోదము. ఫ్రెంచివారి విప్లవము మనకు దూరపు ముచ్చట యని తలంచుట పొరపాటు. దాని త్రివర్ణపతాకము హైదరాబాదులోనే యెగిరినది. 1755లో గాస్కనీయందు బుట్టిన మిషెల్ రేమాన్ అను సేనాని 1786లో నిజాము అలీఖాను కొలువున జేరి, పదాతిదళములను క్రమముగా పెంచి పదునాలుగువేలవఱకు తెచ్చెను. ఫ్రాన్సులో గణరాజ్య మేర్పడిన పిదప ఆతని దళములు ఆ గణరాజ్యపతాకమునే ధరించెను. రాజులను గద్దె దింపిన పతాకమును బట్టి, జీతము మాత్రము రాజునొద్ద దీసికొనుట! 1795 మార్చిలో ఖర్డాయొద్ద మహారాష్ట్రులతో జరిగిన యుద్ధమున నిజాము ఓడెను. ఆ యేడే నిజాము కుమారుడు అలీజా తండ్రిపై తిరుగబడగా, అణచుటకు బంపబడినవాడు ఈ రేమానే. రాజకుమారుడు పట్టుబడి విషము త్రాగి మరణించెను. పారిసునందు విప్లవమనిపించుకొన్న జెండా బీదరు సీమలో పితూరిని అణచినది. జెండానుబట్టి పట్టికలో గడి నిర్ణయించు వారికి ఇది తెగని చిక్కు.

1798 మార్చి 25న రేమాన్ గతించెను. సెప్టెంబరు 1న నిజాము ఆంగ్లేయులతో సైన్యసహకారసంధి చేసికొని, ఫ్రెంచిదళములను తొలగింప నంగీకరించెను. అక్టోబరు 22న ఆ దళములు నెత్తురు చిందకుండ ఆయుధములు విడిచినవి. అందులకు ముందు సిపాయిలు జీతపు బాకీకై తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించిరి. మఱుసటి యేడు శ్రీరంగపట్టణమున టిప్పు మడియుటకు ఈ నిరాయుధీకరణము దారి చేసినది. ఇంత పెద్ద ఫలము గల కార్యమునకు నేటికిని పేరు లేదు. పేరు లేనిది పాఠ్యపుస్తకములో మూల జేరును.

1857 సంగతి దీనికి విపరీతము, పేరులు మెండు. ఆంగ్లేయులకు సిపాయిల మ్యూటినీ, ఉరుదూలో గదరు, తెలుగున సిపాయి పితూరి, పిమ్మట ప్రథమ స్వాతంత్ర్యసంగ్రామము. గదరు నకు అరబ్బీలో ద్రోహమని యర్థము; పితూరి ఫుతూరునుండి వచ్చినది, అనగా కలహము. గోదావరీ మన్యమున 1879లో రంప ప్రజలు లేచినప్పుడును ఈ మాటయే వాడిరి. మన రాజధానిలో 1857 జూలై 17న తుర్రేబాజుఖాను, మౌల్వీ అలాఉద్దీను నాయకులుగా రెసిడెన్సీపై దాడి జరిగినది. తుర్రేబాజుఖాను పట్టుబడి ద్వీపాంతరశిక్ష పొంది, చెఱనుండి తప్పించుకొని, 1859 జనవరిలో తూప్రానుయొద్ద చంపబడెను. ఇందూరునుండి పట్నమునకు బోవు బాటసారులలో ఆ యూరిలో దిగి ఈ పేరు దలచుకొనువా రెందఱో చెప్పలేను. గోదావరి కావలియొడ్డున నిర్మలయందు రాంజీగోండు ఉరిదీయబడిన చెట్టును జనులు వేయి ఉరుల మఱ్ఱి యందురు. దాడికి గురియైన ఆ రెసిడెన్సీ భవనము నేడు చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయములో నున్నది. తుర్రేబాజుఖాను కొట్టదలచిన గోడపై 1946 నాటి రైతుపోరాటపు స్త్రీ పేరు చేరినది.

మరల 1948. సెప్టెంబరు 13న భారతసేనలు సరిహద్దు దాటెను. 17న నిజాము లొంగుబాటు ప్రకటించెను. 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూసు మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. ఇరుపక్షముల సైన్యములు తలపడినవి గనుక ధాత్వర్థమునుబట్టి ఇది యుద్ధమే. ‘పోలీసు’ అన్నమాట దేనికి? హైదరాబాదు ప్రభుత్వము ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొఱ పెట్టుకొనియుండెను. యుద్ధమన్నచో రెండు దేశముల వ్యవహారమగును. పోలీసుచర్య యన్నచో ఇంటిలోని పని. 1947లో డచ్చివారు ఇండోనీషియాపై దండెత్తి ఈ మాటయే వాడిరి. ఆనాడు దానిని భద్రతామండలికి ఎక్కించినవారిలో భారతదేశము నున్నది. ఆ పదము మఱుసటి యేడే మనకు బనికివచ్చినది!

ఆ మాట క్రింద మఱుగుపడిన వానిని జెప్పక తప్పదు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల, సైనికుల చేత గ్రామస్థులు చంపబడిరి. ఇందూరు కోట కారాగారమున దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలైయుండిరి. దాశరథి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. సేనాప్రవేశానంతరమున ముస్లిములపై జరిగిన హత్యలను విచారించుటకు పండిత సుందరలాలు ప్రభృతులను ప్రభుత్వమే పంపినది. మృతులు ఇరువదియేడువేలకు దక్కువ కాదనియు, నలుబదివేలవఱకు నుండవచ్చుననియు వారి యంచనా. మిక్కిలి నష్టపడిన జిల్లాలలో మన పొరుగున నున్న నాందేడు ఒకటి. ఆ నివేదిక యేండ్లకొలది వెలుగు చూడలేదు. విమోచనమనువారును సమైక్యత యనువారును దీనిని తమ పేరులో నిముడ్చుకొనలేరు.

అది విప్లవమా యనుట వేఱుప్రశ్న. 1949లో జాగీరుల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము వచ్చినవి. నిజాము మాత్రము 1950 జనవరి 26న రాజప్రముఖుడై 1956 అక్టోబరు 31 వఱకు నుండెను. రైతుల సాయుధపోరాటము దొడ్డి కొమురయ్య మరణించిన 1946 జూలై 4న రాజుకొని, 1951 అక్టోబరులో విరమింపబడినది. అందు మొదటి రెండేండ్లు నిజాముపైనను, తరువాతి మూడేండ్లు క్రొత్త ప్రభుత్వముపైనను నడచెను. ప్రభుత్వోత్సవములు తొలి భాగమునే తలచును. అయిదేండ్లును ఒక్క పోరాటమే యని, జాగీరులను గూల్చినది గనుక దానికే విప్లవశబ్దము చెల్లునని, సెప్టెంబరునాటి అయిదు దినములకు యుద్ధశబ్దమే తగునని నా నిర్ణయము.

ఆ కాలమును జూచిన వృద్ధులు బోధనులోను, ఆర్మూరులోను, కామారెడ్డిలోను ఇంకను కొలదిమంది యుందురు. వారు ఆ దినములను ఏ మాటతో జెప్పుదురో, లడాయి యందురో, గడబిడ యందురో, ఉపాధ్యాయపండితులు వారి యుచ్చారణములోనే వ్రాసి ఈ పత్రికకు బంపుదురు గాక.