మహావనపు కనుమలో ఒక పట్టువర్తకుడు

 ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవముగా నిర్ణయించినది మొదలు, ఏటేట పత్రికలవారు సైకిలును గూర్చి నాలుగు మాటలు వ్రాయింపక మానరు. వ్రాయువారును అది ఆరోగ్యమునకు మేలనియు, పెట్రోలు ఖర్చు తగ్గించుననియు, పొగ విడువదనియు చెప్పి ముగింతురు. అవి యన్నియు సత్యములే. కాని ఏ పనియు లేక సైకిలెక్కి, ఊరు దాటి, కొండదారి పట్టి, ఏటిగట్టున చెట్టుక్రింద పులిహోర పొట్లము విప్పుకొని, చీకటి పడుసరికి ఏదియో యొక ఎరుగని యూరు చేరుకొను సుఖమొకటి కలదు. ఆ సుఖమునకు చరిత్ర కలదు. ఆ చరిత్ర నడుమ ఒక మనుష్యుడు కలడు. ఆయనను గూర్చి వ్రాయవలెనని నాకు చిరకాలపు కోరిక.

తీరికగా దేశము చూచుట మనకు క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి, సుమారు నూరుమంది పరివారముతో కాశికేగి, 1831లో మరలివచ్చి, దారిలోని మజిలీలను, ఏరులను, అంగళ్లను ఓపికతో వ్రాసిపెట్టిరి. కాని పల్లకిలోని ఆ తీరిక బోయీల భుజములపై నడచిన తీరిక. అంతకు పదమూడేండ్లకు పూర్వమే, 1817 జూన్ 12న, జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున కార్ల్ ఫాన్ ద్రైస్ అను నాతడు రెండు కొయ్యచక్రములపై నమర్చిన పీటమీద కూర్చుండి, పాదములతో నేలను తన్నుకొనుచు ష్వెట్సింగెన్ బాటను కొంతదూరము పోయి, గంటలోపల మరలివచ్చెను. తరువాతి నలువదియేండ్లలో చెప్పదగిన విశేషములు కొలది. 1860ల నాటికి పారిసులో ముందుచక్రమునకు పెడళ్ళు వచ్చెను. ఆ చక్రమెంత పెద్దదైన ఒక్కొక్క త్రొక్కుకు అంత దూరము సాగునని అది మనిషి రొమ్మెత్తు వరకు పెరిగెను. అట్టి బండిమీదనే థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో విడిచి, 1886లో లాహోరు, ఢిల్లీ, కాశీల మీదుగా కలకత్తా చేరి, ఆ యేటి చివర యొకోహామాలో తన భూప్రదక్షిణమును ముగించెను. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ సమచక్రముల సైకిలును చేసెను. 1888లో డన్‌లప్ గాలిటైరును తెచ్చెను. మన వీధిలో నేడు తిరుగు సైకిలు అక్కడికి పూర్తియైనదని పెక్కురు తలంతురు. కాని కొండ మిగిలియేయున్నది.

ఆ లోటు కొండదారి నెక్కినవానికే తెలియును. నా చదువుకాలమున మా తండ్రిగారి సైకిలు తీసికొని సింహాచలము కొండదారి పట్టి, మొదటి మలుపు దాటకమునుపే దిగి, తక్కిన దారియంతయు హ్యాండిలు పట్టుకొని త్రోసికొని పోయితిని. కాళ్ళలో బలము లేక కాదు. పెడలు ఒక్క చుట్టు తిరిగినచో వెనుకచక్రము రెండున్నర చుట్లు తిరుగునట్లు ఆ పళ్ళచక్రమును, ఆ ఫ్రీవీలును కూర్చియుండిరి. సమతలమున వరమైన ఆ కూర్పే ఎగువదారిన మోకాళ్లకు శాపమగును.

ఈ శాపమును తొలగింపబూనినవాడు ఇంజనీరు కాడు, పందెగాడును కాడు. పాల్ ద వివీ 1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ గ్రామమున జన్మించి, సేంత్ ఎతియెన్ నగరమున పట్టువర్తకము చేయుచుండెను. బొగ్గుగనులకును, తుపాకులకును, పట్టురిబ్బన్లకును పేరుపడిన ఊరది. 1881లో ఆయన ఎత్తుచక్రపు సైకిలు కొనెను. వ్యాపారము నిమిత్తము ఇంగ్లండు పోవునప్పుడెల్ల కవెంట్రీ సైకిళ్ళమీదనే చూపు నిలిచెడిది. తుదకు 1887లో పట్టువర్తకమును విడిచి, సైకిళ్ళ దుకాణము తెరచి, సైకిలు యాత్రికులకై ఒక పత్రికను స్థాపించి, అందు ‘వెలోసియో’ అను పేర వ్రాయసాగెను. లోకము నేటికిని ఆయనను ఆ పేరనే పిలుచుచున్నది.

సేంత్ ఎతియెన్ నుండి దక్షిణముగా పోవు బాట ఊరు దాటిన వెంటనే పైకెక్కి, సుమారు పదమూడు కిలోమీటర్ల దూరమున 1161 మీటర్ల ఎత్తున నున్న ఒక కనుమను చేరును. మన హార్సిలీ కొండలు దానికంటె కొంచెము ఎత్తు. ఆ కనుమకు రెండు పేర్లు: ఒకటి గణతంత్రపు కనుమ, రెండవది మహావనపు కనుమ. నాకు రెండవ పేరే యిష్టము, ఏలయనగా అక్కడ దారికిరువైపుల దట్టముగా నిలిచిన ఫర్ వృక్షములే ఆ కొండకు వస్త్రము. ఆ కనుమపై కురిసిన వాన ఉత్తరపు వాలున పడిన లువార్ నదిలో కలిసి అట్లాంటిక్ మహాసముద్రమును, దక్షిణపు వాలున పడిన రోన్ నదిలో కలిసి మధ్యధరాసముద్రమును చేరును. అనగా వెలోసియో తన యింటి గడప దాటి ఒక్క పూట పెడలు త్రొక్కిన, ఒక నది సీమనుండి మరియొక నది సీమలోనికి దిగవచ్చును. ఆవల దూరమున ఆయన పుట్టిన ప్రొవాన్స్ సీమ ఎండయు, ద్రాక్షతోటలును ఎదురుచూచుచుండును. అట్టివాని కా కనుమ నిత్యప్రలోభము కాక మరేమగును?

ఒకనాడాయన చెమటలు గ్రక్కుచు ఆ కనుమ నెక్కుచుండగా, ఆయన పత్రిక చదువరియే యొకడు, నోట పొగగొట్టము పెట్టుకొని, తీరికగా పొగ పీల్చుచు, ప్రక్కనుండి ఆయనను దాటి పోయెనట. ఈ కథను ఫ్రెంచి సైకిలు యాత్రికులు నేటికిని తనివితీర చెప్పుకొందురు. నాకిందు ఓడినవాని మనస్సే ముఖ్యము. ఆయన ఇంటికి పోయి కాళ్ళకు సాము నేర్పలేదు. చెయిను వంక చూచెను. ఎగువదారికి తేలికయగు కూర్పు చేసికొన్న సమతలమున కాళ్ళు గిరగిర తిరుగుటయే కాని బండి సాగదు. సమతలమునకు కూర్చిన కొండ యెక్కలేము. అట్లైన రెండును ఒకే బండిలో ఏల యుండరాదు?

పెడళ్ళకడ ఒకదాని ప్రక్క నొకటిగా పెద్దదియు చిన్నదియునగు రెండు పళ్ళచక్రముల నమర్చి, కొండ మొదలగుచోట దిగి, నూనె మరకల వ్రేళ్ళతో చెయినును పెద్దదానినుండి ఎత్తి చిన్నదానిపై వేసికొని, మరల ఎక్కి పోవుట ఆయన మొదటి యుపాయము. వ్రేళ్ళు నల్లబడును, నిజమే. కాని మోకాళ్ళు నిలుచును. పిదప ఎడమవైపునను రెండు చక్రముల నమర్చి నాలుగు కూర్పులు సాధించెను. 1901లో నాలుగు వేగముల ‘విప్పెట్’ అను ఇంగ్లీషు సైకిలును చూచి, దిగకయే గేరు మార్చు దారి వెదకసాగెను. ఆయన చుట్టుజేరిన సేంత్ ఎతియెన్ పనివాండ్రు తమ దుకాణములలో ఒకరిని మించి యొకరు చెయినును ప్రక్కకు నెట్టు పరికరములను కల్పించిరి. వారిలో జోఆనీ పనెల్ చేసిన గేరు పేరు ‘షెమినో’. తెలుగున చెప్పవలెనన్న దేశదిమ్మరి. యంత్రమునకు ఇంతకంటె చక్కని పేరు నేనెరుగను.

పందెగాండ్రు ఈ గేర్లను మెచ్చలేదు. టూర్ డి ఫ్రాన్స్ మొదటి యేడే, 1903లో, ఆ కనుమమీదుగా పోయినది. మరుసటి యేడు అక్కడనే రాత్రివేళ ఒక స్థానిక పందెగాని పక్షపాతులు కర్రలతో దారికడ్డుపడి తక్కినవారిని కొట్టిరి. ఆ పందెమును నెలకొల్పిన ఆన్రీ దెగ్రాంజ్ గేర్లు నలువదియైదేండ్లు దాటినవారికే తగునని వ్రాసెను. యాత్రికుల దేశదిమ్మరి గేర్లకు టూరులో తలుపు పూర్తిగా తెరచుకొన్నది 1937లో మాత్రమే. నేడు పందెగాండ్ర విద్యగా లోకము చూచు ఆ గేరు, తొందర లేనివారు కొండల నడుమ తీరికగా తిరుగుటకై కల్పించుకొన్న సాధనమని నేను గట్టిగా చెప్పదలచినాను.

వెలోసియో తీరికకు ఒక శాస్త్రమే యుండెను. ఆకలి దప్పులు పైబడకమునుపే కొంచెము కొంచెముగా తినవలెను, త్రాగవలెను. ఆగుట తరచుగాను, చాలసేపును కూడదు. ఉన్న శక్తిని ఉదయముననే వ్యయము చేయరాదు. స్వారిలో మద్యము, మాంసము, పొగాకు తగవు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒరులు చూడవలెనను అభిమానముతో పెడలు త్రొక్కరాదు. ఆయన శాకాహారి, ఎస్పెరాంటో భాషాభిమాని. 1922 నుండి మిత్రులు ఏటేట ఆయన గౌరవార్థము ఆ కనుమకు సైకిలుయాత్ర చేసిరి. ఆ వృద్ధుడును వారితో నెక్కెను. 1930 ఫిబ్రవరిలో, డెబ్బదియారేండ్ల వయస్సున, తన యూరి వీధిలోనే ట్రాము తగిలి మరణించెను. కనుమ మీద నేడాయన స్మారకము నిలిచియున్నది.

తరువాతి కథ ఒక దారిన నడువదు. 1936లో ఫ్రాన్సు కార్మికులకు రెండు వారముల వేతన సెలవు చట్టమై, ఆ వేసవిలోనే ఆలుమగలు జంటసీట్ల సైకిళ్ళపై నదీతీరములకు, సముద్రమునకు తరలిరి. యుద్ధానంతరము వారి బిడ్డలు కార్లు కొనిరి. ఒకనాడు పడవలను లాగు గుర్రములు నడచిన డాన్యూబు గట్టున నేడు పసావు నుండి వియన్నా దాక సైకిలు బాట కలదు. లువార్ వెంట సుమారు 900 కిలోమీటర్ల దారి కలదు. ఆ దేశములలో బ్యాటరీ సైకిళ్ళపై వృద్ధులు కొండల నవ్వుచు నెక్కుచున్నారు. వెలోసియో చూచియుండిన సంతోషించెడివాడనియే నా నమ్మకము. మన హైదరాబాదు, విశాఖపట్టణములలో పారిసులోని ఒక సైకిలు సంఘపు నియమముల ప్రకారము 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలో ముగించు స్వారులు జరుగుచున్నవి. అందు తీరిక యెంతయో చేసినవారే చెప్పవలెను.

మొన్నటి శీతకాలమున మూసీనది పుట్టు అనంతగిరి కొండకు పోయితిని. మలుపుకడ టీ త్రాగుచుండగా తెల్లవారుజామున నగరము విడిచి వచ్చిన యువతి యొకతె కనబడెను. ఏటవాలు మొదలుకాగానే ఆమె బొటనవ్రేలు కదలెను, ‘టక్’మని చెయిను వెనుకనున్న పెద్ద పళ్ళచక్రముపైకి దూకెను, వేగము తగ్గెను, కాని శ్వాస చెదరలేదు, మాట ఆగలేదు, నన్ను చూచి “బాగున్నారా అంకుల్” అని పలుకరించి పోయెను. ఆమె వెనుకనే ఒక పాలవాడు వచ్చెను. క్యారియరుకు ఇరువైపుల రెండు క్యాన్లు, పాత సైకిలు, ఒక్కటే పళ్ళచక్రము. మలుపు చేరగానే దిగి, కుడిచేయి సీటు క్రింద వేసి, తల వంచి, త్రోసికొని పైకి పోయెను.