హారిసన్ రోడ్డు సత్యాన్వేషి

కలకత్తా ఆమ్హర్స్ట్ స్ట్రీట్‌లో 1868 ఏప్రిల్ నెలలో రోజ్ బ్రౌన్ అనే యువతి హత్య జరిగింది. ఆ కేసు తర్వాత పోలీసు కమిషనర్ స్టూవర్ట్ హాగ్ అదే ఏడాది ప్రత్యేకంగా డిటెక్టివ్ శాఖను నెలకొల్పాడు. ఆ శాఖలో 1878 నుంచి 1911 దాకా పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ తన కేసులను 1892 నుంచి ‘దారోగార్ దప్తర్’ పేరుతో కథలుగా అచ్చువేయించాడు. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో మొదలైందీ ఈ ఊళ్ళోనే. ముద్రలను వర్గీకరించే పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల బుర్ర ఉంది. అపరాధ పరిశోధన కథ బెంగాలీలో అంత లోతుగా వేళ్ళూనిందంటే ఆశ్చర్యం లేదు.

కోల్‌కతా వెళ్ళే తెలుగువారు సాధారణంగా విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం చూసి వస్తారు. అన్నీ చూడదగినవే. కానీ రైలెక్కే ముందు ఆ ఊళ్ళో నడిచే డిటెక్టివ్ కథ ఒక్కటైనా చదవమని నా మనవి. గైడు మనల్ని భవనం ముందు నిలబెడతాడు. డిటెక్టివ్ మెట్లెక్కి తలుపు తడతాడు, వంటవాణ్ణి పలకరిస్తాడు, ఏ గదిలో దీపం ఎన్నింటికి ఆరిందో అడుగుతాడు. ఊరివాళ్ళు ఎలా బతికారో ఆ ప్రశ్నల్లోనే తెలిసిపోతుంది.

ఆ కథల నాయకుల్లో బ్యోమకేశ్ బక్షి మనకు కొత్తవాడు కాదు. 1993లో దూరదర్శన్‌లో వచ్చిన బాసు చటర్జీ సీరియల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. శరదిందు బందోపాధ్యాయ్ రాసిన ఆ కథలు 1932లో మొదలయ్యాయి. బ్యోమకేశ్‌ను డిటెక్టివ్ అంటే ఒప్పుకోడు, సత్యాన్వేషి అనాలి. స్నేహితుడు అజిత్‌తో కలిసి అతను ఉండేది హారిసన్ రోడ్డులో, అంటే ఇప్పటి మహాత్మా గాంధీ రోడ్డులో. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగి వంతెన దాటితే సియాల్దా వైపు సాగే రోడ్డు అదే. మనం దాటే ఉక్కు వంతెన 1943లో వచ్చింది. తొలి కథల నాటికి హుగ్లీ మీద ఉన్నది తేలే వంతెన. ఓడలు వచ్చినప్పుడు మధ్య భాగాన్ని తప్పించి దారి ఇచ్చేవారు.

మొదట చదవాల్సింది ‘సత్యాన్వేషి’. బ్యోమకేశ్, అజిత్ కలుసుకునేది ఒక మెస్‌లో. మెస్ అంటే భోజనం ఒక్కటే కాదు. పల్లెల నుంచి వచ్చిన గుమాస్తాలూ విద్యార్థులూ గదులు పంచుకుని, ఒకే వంటింటి అన్నం తింటూ ఏళ్ళ తరబడి గడిపిన చోటు. పక్క మంచం మీద పడుకునేవాడి పేరు తెలుస్తుంది, ఉద్యోగం తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. హత్య కథకు ఇంతకన్నా అనువైన ఇల్లు ఉండదు. శరదిందు స్వయంగా అలాంటి చోట ఉన్నారు. హారిసన్ రోడ్డు ప్రెసిడెన్సీ బోర్డింగ్‌లో ఆయన విద్యార్థి రోజులు గడిచాయి. కవి జీవనానంద దాస్ కూడా అక్కడే ఉండేవాడు. ఒక ఊరి గురించి నవల ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఇదే: రచయిత ఆ ఊళ్ళో అద్దెకు ఉన్నాడా?

ఇంకో తొలి కథ ‘పథేర్ కాంటా’లో నడివీధిలో మనుషులు కుప్పకూలుతారు. గుండెలో గ్రామఫోన్ పిన్ను దొరుకుతుంది. గ్రామఫోన్ రికార్డుల తయారీ 1908లోనే సియాల్దాలో మొదలైందన్న సంగతి తెలిస్తే, ఆ పిన్ను ఆ ఊరికి పరాయిది కాదని అర్థమవుతుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ‘ఆదిమ రిపు’. 1946 ఆగస్టు అల్లర్ల తర్వాతి కలకత్తా, భయంతో తలుపులు బిగించుకున్న ఇళ్ళు, గూండాల బలం, చేతులు మారే నల్లడబ్బు, అన్నీ అందులో ఉన్నాయి. కథ నడిచి నడిచి స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు చేరుతుంది. సినిమా పని మీద 1938లో బొంబాయి వెళ్ళిన శరదిందు, పుణెలో స్థిరపడ్డాక దీన్ని రాశారు. వదిలి వచ్చిన ఊరిని అంత దూరం నుంచి వీధివీధిగా తలుచుకుని రాయడం నాకు గొప్పగా తోస్తుంది. ఆ సంవత్సరాల గురించి చరిత్ర పుస్తకాలు లెక్కలు చెబుతాయి. పొరుగువాణ్ణి నమ్మలేని రాత్రి ఎలా ఉంటుందో ఈ కథ చెబుతుంది.

సత్యజిత్ రాయ్ ఫెలూదా దారి వేరు. అతను ఊళ్ళు తిరిగే డిటెక్టివ్: లక్నో, గాంగ్‌టక్, ఎల్లోరా, కాశీ, పూరీ, జైసల్మేర్. కోల్‌కతాలో చదవాల్సింది ‘గోరొస్థానే సాబ్‌ధాన్’. 1767లో తెరిచిన సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో కథ మొదలవుతుంది. అందులోని గాడ్విన్ సమాధి కల్పితం, విలియం జోన్స్ సమాధి నిజం. అక్కడి పాత పేర్లు చదువుతుంటే మన సి.పి. బ్రౌన్ 1798లో పుట్టింది ఈ నగరంలోనే కదా అని గుర్తొస్తుంది. బెంగాలీ రానివారికి ఫెలూదాను గోపా మజుందార్, బ్యోమకేశ్ కథలను శ్రీజాత గుహ ఇంగ్లీషులోకి తెచ్చారు.

మద్రాసు వెళ్ళేవారికైతే ఇలాంటి తోడు తెలుగులోనే ఉంది. తెలుగు ప్రచురణలూ సినిమాలూ ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఆ రోడ్ల మీదే తిరిగారు. యుగంధర్ నవల ఒకటి సంపాదించి చదివాక ఇప్పటి పటం ముందు పెట్టుకోండి. మౌంట్ రోడ్డును అన్నా సాలై దగ్గర, పూనమల్లి హైరోడ్డును పెరియార్ పేరున్న రోడ్డు దగ్గర వెతకాలి.