రెండు పక్షముల నడుమ మూడవవాడు

ప్రజాప్రభుత్వమున జనులు తమకు నచ్చినవారిని ఎన్నుకొందురని బాల్యమున పాఠములయందు చదువుకొంటిమి. అనుభవమున చూడగా, నచ్చినవారికంటె గెలువగలరని తోచినవారికే వోట్లు పడుచున్నవి. ఈ రెంటికిని గల అంతరమే మన తెలుగు రాజకీయ చరిత్రమున నొక ముఖ్యాధ్యాయము. మన మహాసభలయందు "ఈ మారు ఏ పక్షము మనవారికి ఎన్ని టిక్కెట్లిచ్చును?" అను ప్రశ్న తప్పక వినవచ్చుచుండును. కావున రెండు పక్షములకును వెలుపలినుండి వచ్చి పోరాడిన యొకరి చరిత్రమును సోదరులయెదుట నుంచుట ఉచితమని తలచితిని.

ఆంధ్రప్రదేశము 1956లో నేర్పడినది మొదలు 1983 వరకు కాంగ్రెసు పక్షమే రాజ్యమేలెను. 1982 మార్చి 29వ తేదీన నందమూరి తారక రామారావుగారు హైదరాబాదున తెలుగుదేశమును ప్రకటించి, మరుసటి సంవత్సరము జనవరి ఎన్నికలయందు 294 స్థానములలో రెండువందలకు పైగా గెలిచి, ఆ ఏకచ్ఛత్రాధిపత్యమును తొలగించిరి. ఆయనయు బయటివారే, వెండితెరనుండి వచ్చినవారు. అయితే ఆయన విజయముచే ఏకపక్షము పోయి ద్విపక్షము స్థిరపడెను. 1985, 1994, 1999 ఎన్నికలు తెలుగుదేశమునకును, 1989, 2004 ఎన్నికలు కాంగ్రెసునకును అనుకూలించెను. తక్కిన పక్షములు పెక్కుమార్లు ఈ రెంటిలో నొకదాని ప్రక్కన చేరి కొన్ని స్థానములు పొందుచు వచ్చెను. త్రాసునకు తట్టలు రెండే యని జనులు నిశ్చయించుకొనిరి.

ఇట్టి కాలమున డాక్టరు జయప్రకాశ్ నారాయణగారు రంగమునకు వచ్చిరి. వారు వైద్యవిద్య ముగించి, 1980లో ఐ.ఏ.ఎస్. కొలువున ప్రవేశించి, ప్రకాశము, తూర్పుగోదావరి జిల్లాలకు కలెక్టరుగా పనిచేసి, 1996లో ఆ యుద్యోగమును విడిచి లోక్‌సత్తా యుద్యమమును స్థాపించిరి. మన మధురానగరునకు సమీపముననే, పంజగుట్ట ద్వారకాపురి కాలనీలో దాని కార్యాలయముండెడిది. 1999 ఎన్నికల కాలమున నేరారోపణలుగల అభ్యర్థుల పేర్లను ఆ సంస్థ బహిరంగముగ ప్రకటించెను. అభ్యర్థులు తమ ఆస్తులు, అప్పులు, విద్య, నేరచరిత్రము వెల్లడింపవలెనని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యములయందు అర్జీదారులలో లోక్‌సత్తాయు నొకటి. నేడు ప్రతి అభ్యర్థియు నామినేషనుతో దాఖలుచేయు ప్రమాణపత్రమునకు అట్టి తీర్పులే ఆధారము.

2006 అక్టోబరు 2వ తేదీన ఈ యుద్యమము రాజకీయ పక్షమయ్యెను. ధనము పంచకయు, మద్యము పోయకయు, కులబలమును లెక్కింపకయు వోటు నడుగుట దాని నియమము. రెండేండ్ల పిమ్మట, 2008 ఆగస్టు 26వ తేదీన, తిరుపతియందు సినిమానటులు చిరంజీవిగారు ప్రజారాజ్యమును స్థాపించిరి. ఈ విధముగ 2009 ఎన్నికలనాటికి ద్విపక్షమునకు ఎదురుగా ఇరువురు బయటివారు నిలిచిరి. ఒకరికి జనాకర్షణ మెండు. రెండవవారికి వాదబలము మెండు.

ఫలితములను చూడుడు. కాంగ్రెసు నూటికి షుమారు 36½ వోట్లతో 156 స్థానములను, తెలుగుదేశము 28 వోట్లతో 92 స్థానములను పొందెను. ప్రజారాజ్యమునకు నూటికి 16 వోట్లు వచ్చినను దక్కినవి 18 స్థానములే. లోక్‌సత్తా రెండువందలకు పైగా స్థానములందు పోటీచేసి, నూటికి రెండు వోట్లకు కొంచెము తక్కువగా పొంది, ఒక్క కూకట్‌పల్లియందు జయప్రకాశ్‌గారిని మాత్రము గెలిపించుకొనెను. వోట్ల పాలునుబట్టి స్థానములు పంచియున్నచో ప్రజారాజ్యమునకు 47, లోక్‌సత్తాకు 5 వచ్చియుండెడివి.

ఇందు గమనింపవలసిన ముచ్చట మరియొకటి కలదు. మజ్లిస్ పక్షము రాష్ట్రమంతటి వోట్లలో నూటికి ఒకటియైన నిండకయే 7 స్థానములు గెలిచెను. దాని వోట్లు పాతబస్తీయందు కూడియుండెను. లోక్‌సత్తా వోట్లు రాష్ట్రమంతటను చెదరియుండెను. కుప్పగానున్న ధాన్యము కొలతకు వచ్చును. చేనంతట చల్లిన గింజలు కొలతకు రావు. లోక్‌సత్తాకు కలిసివచ్చిన చోటు సయితము ఉద్యోగులును, విద్యావంతులును దట్టముగ నివసించు కూకట్‌పల్లియే గదా!

నియోజకవర్గమున అందరికంటె ఒక్క వోటు ఎక్కువ వచ్చినవాడే గెలుచునను పద్ధతి రెండు పక్షములకే దారితీయునని ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే 1951లో ప్రకటించిన గ్రంథమున నిరూపింప యత్నించెను. అమెరికాయందు 1992లో రాస్ పెరో అను వర్తకప్రముఖుడు అధ్యక్షపదవికి నిలిచి నూటికి షుమారు 19 వోట్లు పొందియు, ఎలక్టరల్ వోటు ఒక్కటియు పొందజాలకపోయెను. అంకగణితమునకు తోడుగా భయమొకటి పనిచేయును. "మనిషి మంచివాడే గాని గెలువడు, వోటు వృథాయగును" అని వేలమంది ఎవరికి వారనుకొనుటచేతనే ఆ మంచివాడు ఓడుచున్నాడు.

పిమ్మటి కథ సంక్షిప్తము. 2011లో ప్రజారాజ్యము కాంగ్రెసున విలీనమయ్యెను. 2014లో జయప్రకాశ్‌గారు మల్కాజిగిరి లోకసభాస్థానమున ఓడిపోయిరి; వారి పక్షమునకు శాసనసభలో మరల స్థానము దక్కలేదు. గ్రామములయందు పునాది చాలకపోవుటయు ఇందుకొక కారణమని చెప్పక తప్పదు. అయినను పక్షము నిలువకపోయినను, అది కోరిన ప్రమాణపత్రము నిలిచినది.

ఈ చరిత్రముతో మనకేమి పని యని కొందరడుగవచ్చును. సోదరులారా, జిల్లా జిల్లాకును చెదరియున్న చిన్న కులమునకును, చెదరిన వోట్లుగల చిన్న పక్షమునకును దుస్థితి యొక్కటియే. ఏ నియోజకవర్గమునను మనము కుప్పగా లేము. అందుచే రెండు పక్షములును ఎన్నికల ముందు మనకు దండలు వేసి, టిక్కెట్లు పంచునాడు మరచుచున్నవి. ఇది ఆయా నాయకుల దోషము మాత్రమే గాదు. లెక్కించు పద్ధతి దోషము. జయప్రకాశ్‌గారు వోట్ల పాలునుబట్టి ప్రాతినిధ్యము కావలెనని పలుమార్లు వాదించిరి. మనకు మేలుచేయు వాదమది. ఐనను మన తీర్మానములయందు టిక్కెట్ల యాచనకు గల చోటు దానికి లేదు.

అట్లయినచో కులమునకొక పక్షము పుట్టి ప్రభుత్వము నిలువదని ఆక్షేపింతురు. ఈ భయము నిరాధారము గాదు. రెండే పక్షములున్నచో చెడ్డప్రభుత్వమును దించుట సులభమనుటయు సత్యమే. కాని జర్మనీయందు నూటికి అయిదు వోట్లు రాని పక్షమునకు సామాన్యముగ స్థానము లేదను నియమముతో ఆ యపాయమును చాలవరకు అరికట్టిరి. అట్టి నియమమున్నచో 2009నాటి లోక్‌సత్తాకును స్థానము దొరకకపోయెడిది. అయినను చిన్న సంఘములు పలువురితో కలిసి యొక పెద్ద ఆశయముక్రింద నిలువవలసివచ్చును. కులము గోడలు దాటుటకు అదియే మార్గము.

కావున మన సంఘము రెండు గుమ్మములయొద్ద నిలిచి ఏది ముందు తెరచునని వేచియుండుట మాని, వోటు లెక్కించు న్యాయమునుగూర్చి ఆలోచించి, అభ్యర్థుల ప్రమాణపత్రములను చదివి, యోగ్యుడు మూడవవాడైనను వెనుదీయకుండ వోటువేయు ధైర్యమును మన యువజనులకు నేర్పుగాక యని కోరుచు విరమించుచున్నాను.