ఒక యొరలో రెండు కత్తులు

ఒక యొరలో రెండు కత్తు లిముడవని మన పెద్దల మాట. ఒక కంప్యూటరు డిస్కులో రెండు విండోసు లెట్లిమిడినవో, అందు నాకెట్టి యిక్కట్టు కలిగెనో నేడు మనవి చేసెదను.

1983 మార్చిలో ఐ.బి.యం. సంస్థ 10 మెగాబైట్ల హార్డుడిస్కుతో పి.సి. ఎక్స్.టి. యను యంత్రమును వెలువరించెను. దానితో వచ్చిన డాస్ 2.0 డిస్కును విభాగించు పద్ధతి నేర్పరచెను. డిస్కు మొదట 512 బైట్ల గడి యొకటి యుండును. అందు నాలుగు విభాగముల పట్టిక కలదు. డిస్కు పొలమైనచో నీ పట్టిక పహాణీ వంటిది. ఏ విభాగమునుండి యంత్రము మేల్కొనవలెనో యదియే తెలుపును. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. జాబితాను చూపి, ఏది కావలయునో కోరుకొను వీలు కల్పించెను.

దీనితో మనకేమి పని? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల డి.టి.పి. దుకాణములలో శుభలేఖలు కూర్చిన పాత ఫాంట్లు తెలుగు రూపములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో నిలిపినవి. ఫాంటు లేనిచో తెలుగు మాయమగును. 2001లో విండోస్ ఎక్స్.పి. యూనికోడు తెలుగును తెచ్చెను. పాతది విడువరాదు, క్రొత్తది వలదనరాదు.

2004లో జగిత్యాల కోటను గూర్చి నేను వ్రాసిన నూరు పుటలు ఎక్స్.పి.లో నుండెను. పాత ఫాంట్ల కొరకు ఒక దుకాణమున విండోస్ 98ని పిదప చేర్పించితిని. మరునాడు చూడగా ఎక్స్.పి. లేదు, నా పుటలును లేవు! ఆ రాత్రి కంటికి కునుకు రాలేదు.

సిరిసిల్లలోని నా పూర్వశిష్యుడు వచ్చి చూచి, "పంతులుగారూ, ఇల్లు చెక్కుచెదరలేదు, తలుపు మాత్రమే మూసికొనిపోయినది" అనెను. తరువాత చేరిన 98, ఎక్స్.పి.ని మేల్కొలుపు వ్రాతపై తన వ్రాతను వ్రాసినది. ఎక్స్.పి. వాడు ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని 98 చదువజాలదు. కావున నా పుటలు కానరాలేదు. అతడు ఎక్స్.పి. సి.డి.తో రికవరీ కన్సోలు తెరచి, "ఫిక్స్‌బూట్" అను నాజ్ఞ నొసగెను. పుటలన్నియు మరల దొరకెను. పాతది ముందు, క్రొత్తది తరువాత చేర్చవలెనను సూత్రమును నాడు నేర్చితిని.

98కి 2006లోను, ఎక్స్.పి.కి 2014లోను మైక్రోసాఫ్టు సంరక్షణ ముగిసెను. నేటి డిస్కులలో సాధారణముగా 128 విభాగములకు చోటున్న పట్టిక కలదు. విభాగము లెన్నియైనను డిస్కు ఒక్కటే. అది చెడినచో నన్నియు చెడును. తాళపత్రము శిథిలము కాకమునుపే మన పూర్వులు మరియొక ప్రతి వ్రాయించెడివారు. మనమును మన వ్రాతలకు వేరొకచోట ప్రతి నుంచుకొందము.