ఆగమము, స్వామ్యము: ఒక అర్థభేద విచారము

నేటి తెలుగున 'హక్కు' అను మాట యొక్కటియే రెండు పనులు చేయుచున్నది. "ఈ పొలముపై వానికి హక్కు కలదు" అన్నప్పుడు పొలము వానిదని భావము. "వాడు హక్కు రుజువు చేసికొనలేదు" అన్నప్పుడు పొలము తనకు సంక్రమించిన తీరును వాడు నిరూపింపలేదని భావము. ఆంగ్ల న్యాయపరిభాషలో మొదటిది 'ఓనర్‌షిప్', రెండవది 'టైటిల్'. రెంటిని ఒక మాటతో సరిపుచ్చుకొన్న మాత్రమున నష్టమేమని కొంద ఱడుగుదురు. శాసనములను, సన్నదులను, దస్తావేజులను చదువువారికి ఆ నష్టము చిన్నది కాదని మా అభిప్రాయము. ఒక పత్రము ఒకనికి 'హక్కు' నిచ్చినదని వ్రాయుటకు ముందు, ఇచ్చినది భూమియా, భూమిమీది రాబడియా, లేక ఇదివఱకే యున్న స్వామ్యమునకు నిదర్శనము మాత్రమా యని తేల్చుకొనవలసియుండును. ఇది తేల్చకపోవుటచేత తెలుగుదేశమున లక్షలాది రైతుల స్థితి ఒక శతాబ్దికి పైగా అనిశ్చితముగా నుండెను.

మన వ్యవహారశాస్త్రము ఈ చిక్కును మొదటనే విడదీసినది. మనుష్యునకును వస్తువునకును గల సంబంధము స్వత్వము. దానినే మనుష్యుని వైపునుండి చూచినచో స్వామ్యము. ఆ సంబంధము ఏర్పడిన త్రోవ ఆగమము. వస్తువును వాడుకొనుచు దాని ఫలమును పొందుచుండుట భుక్తి. గౌతమ ధర్మసూత్రము దాయము, క్రయము, విభాగము, పరిగ్రహము, అధిగమము అను నైదింటిని స్వామిత్వకారణములుగా అందఱికి సాధారణముగా చెప్పి, ఆపై ప్రతిగ్రహము, విజయము మున్నగువానిని వర్ణభేదముతో చేర్చినది. ఇవి యన్నియు ఆగమములే గాని స్వామ్యములు కావు. కొన్నందువలన పొలము నాదగును; కొనుట వేఱు, నాదగుట వేఱు. ఆగమము ఒకనాడు జరిగి గడచిపోయిన సంఘటన. దానికి సాక్షి యుండవచ్చును, పత్ర ముండవచ్చును. స్వామ్యము నిలిచియుండు స్థితి. అది కంటికి కనబడునది కాదు. ఆగమమునుబట్టియు భుక్తినిబట్టియు ఊహింపవలసినదే.

యాజ్ఞవల్క్యుడు ఆగమమును భుక్తికంటె బలవత్తరమనెను. పూర్వులనుండి క్రమముగా వచ్చిన భుక్తికి మాత్రము మినహాయింపు నిచ్చెను. అంతటితో నాగక, కొంచెమైనను భుక్తి లేనిచోట ఆగమమునకును బలము లేదని చేర్చెను. కాగితము గలవానికి, పొలములో నున్నవానికి నడుమ వచ్చు తగవున ఈ రెండు వాక్యములను కలిపి చదువనివాడు సగము ధర్మమే చదివినవాడగును.

ఇచట విజ్ఞానేశ్వరుని చర్చ యొకటి ప్రత్యేకముగా గమనింపదగినది. తన భూమిని పరు డనుభవించుచుండగా చూచుచు మిన్నకున్నవానికి ఇరువది యేండ్లకు భూమి విషయమునను, పదియేండ్లకు ధనము విషయమునను హాని కలుగునని స్మృతివాక్యము. హాని దేనికి? స్వామ్యమునకే యని తోచుట సహజము. విజ్ఞానేశ్వరు డంగీకరింపలేదు. దానవిక్రయములవలె ఉపేక్ష స్వత్వమును పోగొట్టు కారణముగా లోకమున ప్రసిద్ధము కాదు. కావున పోవునది ఆ కాలమున పరుడు తినిన పంట మాత్రమే, భూమి కాదు అని ఆయన సిద్ధాంతము. స్వత్వము శాస్త్రమువలన గాక లోకవ్యవహారమువలననే తెలియునని దాయభాగమున ఆయన చేసిన నిర్ణయమునకు ఇది యనుగుణముగా నున్నది. దీనిని 1963 నాటి కాలపరిమితి చట్టముతో పోల్చి చూడవలెను. పరుడు ప్రతికూలముగా పండ్రెండేండ్లు స్వాధీనమున నుంచుకొన్నచో, అసలు యజమాని దావా హక్కుతోపాటు ఆస్తిహక్కును గూడ ఈ చట్టము అంతరింపజేయుచున్నది. పదునొకండవ శతాబ్ది వ్యాఖ్యాత ఇంతకు సాహసింపలేదు. సాహసింపకపోవుటయే న్యాయమని మాకు తోచును.

ఈ శాస్త్రము తెలుగువారికి పరాయిది కాదు. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని (1076-1126) కాలమున పుట్టిన మితాక్షరను తిక్కన కాలమువాడగు మూలఘటిక కేతన 13వ శతాబ్దిలో 'విజ్ఞానేశ్వరీయ'మను పేర తెనిగించెను. సంస్కృత వ్యవహారశాస్త్రము ఒక దేశభాషలో పద్యరూపమున నిలుచుట, దానిని తెలుగున తెలిసికొనగోరువారు నా డుండిరనుటకు సాక్ష్యము. ఆ శతాబ్దిదే గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము (1244). తుపానునకు చిక్కి ఒడ్డునబడిన ఓడలలోని సొమ్మును పూర్వరాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరనియు, తాను నియతమైన సుంకము మాత్రము గైకొని తక్కినది వర్తకులకే విడుచుచున్నాననియు ఆ రాజు ప్రకటించెను. దీనిని కరుణకు మాత్రమే ఉదాహరణముగా చూపుట పరిపాటి. మా దృష్టిలో ఇది స్వామ్యవిచారము గూడ. సరకు చేజాఱినది, భుక్తి తెగినది, స్వామ్యము తెగలేదు, ఒడ్డున దొరకుట రాజునకు ఆగమము కాదు.

ఇక దానశాసనముల సంగతి. విజయనగరకాలపు శాసనములలో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములు తఱచుగా కానవచ్చును. గ్రహీత తన పుత్రపౌత్రపారంపర్యముగా దానమునకు, ఆధమనమునకు, విక్రయమునకు, వినిమయమునకు యోగ్యముగా అనుభవింపవచ్చునని వాని వెంట నుండును. ఇది చూచి ఊరిలోని ప్రతి సెయ్యియు గ్రహీత సొంతమైనదని వ్రాయు వాడుక గలదు. కాని ఆ యెనిమిదింటిలో నిధి, నిక్షేపము, నీరు, రాయి, ఇకముందు సాగులోనికి రాగల నేల మున్నగున వున్నవి. ఇవి చాలవఱకు ఒక కాపు స్వామ్యమున లేక రాజాధీనముగా నెంచబడినవి. ఆ చేలను అదివఱకు దున్నుచున్న కాపులేమైరో ఈ వాక్యము చెప్పదు. దాత తనకు లేనిదానిని ఈయజాలడు. కావున అష్టభోగవాక్యమును గ్రహీత ఆగమమునకు ప్రమాణముగా గ్రహించి, స్వామ్యమెంతటిదో శాసనములోని తక్కిన వివరములనుబట్టి నిర్ణయించుట మేలు.

ప్రసంగవశమున ఒక మాట. నేటి క్రయదస్తావేజులలో "దాన దమన వినిమయ విక్రయ" అను పదపంక్తి వినబడును. 'దమన' మనగా అణచుట. పొలమునకు దానితో పనిలేదు. శాసనములలోని 'దానాధమన' యే లేఖకుల చేతులలో అరిగి ఇట్లైనదని మా యూహ. ఆధమనమనగా తాకట్టు.

రాజునకు భూమిపై స్వామ్యము కలదా యన్న ప్రశ్న మీమాంసకుల కాలమునాటిది. విశ్వజిద్యాగమున సర్వస్వము దక్షిణగా ఈయవలసి వచ్చినపుడు రాజు భూమిని ఈయవచ్చునా? భూమి అందఱికి సమానమనియు, రాజునకు రక్షణమువలన వచ్చు భాగము మాత్రమే చెందుననియు జైమినిసూత్ర భాష్యమున శబరుని సమాధానము. పదునేడవ శతాబ్దిలో నీలకంఠభట్టు 'వ్యవహారమయూఖము'న దీనిని విజయమునకు అన్వయించెను. ఓడిన రాజునకు పన్ను గైకొను అధికారమే యున్నచో గెలిచినవానికి లభించునదియు నదియే.

కంపెనీవారు ఈ గ్రంథములను చదివి రాలేదు. అయినను ఆగమమునకు భుక్తి తోడు కావలెనను సూత్రము వారి యనుభవమునకే వచ్చినది. 1765లో మొగలు పాదుషా షా ఆలమునుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందిరి. ఆ పాదుషాకు ఈ దేశమున భుక్తి లేదు, ఉన్నది నిజామునకు. కాగా 1766లో నిజాముతో వేఱుగ సంధి చేసికొని, ఏటేట పేష్కషు చెల్లించుట కొప్పుకొనవలసివచ్చినది. గుంటూరు సర్కారు 1788లో గాని వారి చేతికి రాలేదు.

అటువంటి ప్రభుత్వము 1802లో 25వ రెగ్యులేషనుద్వారా జమీందారులకు భూమిపై స్వామ్యమే యిచ్చినట్లు ప్రకటించెను. అప్పటి పత్రము పేరు సన్నదు-ఇ-మిల్కియత్-ఇ-ఇస్తిమ్రార్. అరబీలో 'మిల్కియత్' అనగా స్వామ్యము. పేరులోనే చిక్కు మొదలైనది. జమీందారునకు నిజముగా నిర్ణయింపబడినది, రైతులనుండి వసూలు చేసి సర్కారునకు కట్టవలసిన పేష్కషు. దానికి ఆగమము సన్నదు. దానిని స్వామ్యపత్రముగా చదువగానే దున్నువాడు కౌలుదారుగా మాఱిపోయెను. అదే యేటి 30వ రెగ్యులేషను జమీందారు రైతునకు పట్టా యిచ్చి ముచ్చిలిక పుచ్చుకొనవలెనని విధించినది. అనగా పట్టా తొలుత చెల్లింపు షరతుల కాగితము. పొరపాటును ప్రభుత్వము త్వరలోనే గుర్తించినది. 1822 నాటి 4వ రెగ్యులేషను, 1802 నాటి శాసనములు ఎవరి వాస్తవమైన హక్కులను పరిమితము చేయుటకు గాని రద్దుచేయుటకు గాని ఉద్దేశింపబడలేదని వివరించెను. వివరణము పుస్తకములలో నున్నది. కచ్చేరీలలో జమీందారు మాటయే చెల్లినది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టము వచ్చువఱకు రైతునకు శాశ్వతమగు సాగుహక్కు స్పష్టముగా దక్కలేదు.

ఇనాముల విషయమునను ఇట్లే జరిగినది. 1858 తరువాత ఇనాం కమీషను విచారించి ఇచ్చిన పత్రములకు 'టైటిల్ డీడు' అనియే పేరు. అవి ఇనాందారు ఆగమమును స్థిరపఱచినవి. అతనికి చెందునది శిస్తు మాత్రమా, నేలయునా యన్న ప్రశ్న మిగిలిపోయినది. ఇనా మనగానే శిస్తు మాత్రమే యని ముందుగా ఊహింప వీలులేదనియు, ఏ దానమునకు ఆ దానమును పరిశీలింపవలెననియు 1918లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. న్యాయముగా అది సరియైన మాటయే. కాని పాతకాగితములు లేని రైతునకు అది పెద్ద దెబ్బ.

టంగుటూరి ప్రకాశముగారి అధ్యక్షతన జమీందారీ వ్యవస్థను విచారించిన సంఘము 1938లో తన నివేదిక నిచ్చినది. భూమికి స్వామి రైతు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యని దాని నిశ్చయము. ఆ నివేదికను రాజకీయపత్రముగా చదువుట వాడుక. మేము దానిని అర్థనిర్ణయగ్రంథముగా గూడ చదువవచ్చునందుము; సన్నదునకు స్వామ్యమునకు గల యెడమును అది వేలుపెట్టి చూపినది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చినది.

రైత్వారీ సీమలలో పట్టా సర్కారే యిచ్చినది గనుక పట్టా యున్నవాడే స్వామి యను భావము స్థిరపడినది. రెవిన్యూ దస్త్రములలోని నమోదు స్వామ్యమును కల్పింపదని సుప్రీంకోర్టు అనేక పర్యాయములు చెప్పినను జనవ్యవహారము మాఱలేదు. నిజమునకు పల్లెటూరి పహాణీయే శాస్త్రమునకు దగ్గఱగా నుండెను. అందు పట్టాదారు గడి వేఱు, అనుభవదారు గడి వేఱు. తెలంగాణమున 2020లో వచ్చిన ధరణి దస్త్రములలో అనుభవదారు గడి లేకపోయెను. కాగితమున పేరులేని సాగుదారు అంతటితో కనుమఱుగయ్యెను. 2025లో దాని స్థానమున భూభారతి చట్టము వచ్చినది.

ఆంధ్రప్రదేశమున 2023లో అమలులోనికి వచ్చి 2024లో రద్దయిన ల్యాండ్ టైట్లింగ్ చట్టమును గుఱించిన వాదోపవాదములలో 'టైటిల్' అను మాటను పత్రికలు ఒకచో 'హక్కు' అనియు, వేఱొకచో 'యాజమాన్య హక్కు' అనియు తెనిగించినవి. మొదటిది అస్పష్టము, రెండవది స్వామ్యమునకే పేరు. 'యజమాన' శబ్దము యజధాతువునకు ఆత్మనేపదరూపము. క్రియాఫలము కర్తకే చెందునప్పుడు ఆత్మనేపదమని పాణిని. యాగము చేయు ఋత్విజులకు 'యజంతి' యని పరస్మైపదము. ఫలము వారిది కాదు.